రెండు వారాల సువార్త

విదేశాల నుంచి టీమ్ వస్తోందన్న మాట కోస్తా జిల్లాల సంఘాలకు కొత్తది కాదు. మన కుర్రాళ్ళు కూడా పరాయి దేశాలకు వెళ్ళి కొన్నాళ్ళు సేవ చేసి రావాలన్న ఆలోచన వినిపిస్తోంది. ఇక్కడ వాదించుకుంటున్న ఇద్దరూ అచ్యుతాపురం ప్రాంతపు విశ్వాసులే. ఒకరు చిన్న సంఘానికి పాస్టరు, ఇంకొకరు మిషన్ ఆసుపత్రిలో పనిచేసి రిటైరైన నర్సు. సువార్త చెప్పాలా వద్దా అన్నది వాళ్ళ తగవు కాదు. రానూపోనూ టికెట్టు కొనుక్కుని రెండు వారాలకు వెళ్ళి చేసే సేవ ఎదుటివాళ్ళకి సేవ అవుతుందా, చెప్పే సాక్ష్యం నిలుస్తుందా అన్నదే తగవు.

పాస్టరు: పౌలు థెస్సలొనీకలో ఎన్నాళ్ళున్నాడు సిస్టరుగారూ? అపొస్తలుల కార్యాలు చెప్పేది మూడు విశ్రాంతి దినాల లెక్క. అక్కడ పుట్టిన సంఘానికే తరవాత రెండు పత్రికలు రాశాడు. ప్రభువు డెబ్బైమందిని ఇద్దరిద్దరుగా పంపినప్పుడు ఆ ఊళ్ళలో ఇల్లు కట్టుకోమనలేదు. వెళ్ళారు, చెప్పారు, తిరిగొచ్చారు. వెళ్ళినవాళ్ళు కొద్ది రోజులే ఉన్నారని వాళ్ళ పనిని ఎవరూ తక్కువ చేయలేదు.

నర్సు: పౌలు గ్రీకులో మాట్లాడాడండి, పక్కన తర్జుమా చేసేవాడు లేడు. డేరాలు కుట్టి తన కూడు తను సంపాదించుకున్నాడు. కొరింథులో ఏడాదిన్నర ఉన్నాడు, ఎఫెసులో మూడేళ్ళు. డబ్బు ఏ వైపు నడిచిందో కూడా చూడండి. కొత్తగా నమ్మిన మాసిదోనియ సంఘాలు తామే ఇబ్బందుల్లో ఉండి యెరూషలేము పేదలకి చందా పంపాయి. ఆ డెబ్బైమందికి సంచీ వద్దు, జోలె వద్దు అన్నాడు ప్రభువు. ఏ ఇంట్లో దిగితే ఆ ఇంట్లో పెట్టింది తినమన్నాడు. అంటే వెళ్ళినవాడు ఎదుటివాడి దయ మీద బతకాలి. ఇప్పటి టీముల్లో అది తలకిందులైంది. వచ్చినవాళ్ళ దగ్గరే డబ్బుంటుంది, ప్రోగ్రామూ వాళ్ళ దగ్గరే ఉంటుంది. ఊళ్ళోవాళ్ళు పుచ్చుకునేవాళ్ళుగా మిగులుతారు.

పాస్టరు: పుచ్చుకోవడం ఒక్కటే కాదు కదా. ఊరివాళ్ళు కాలు పెట్టని పేటకి ఎక్కడో కెనడా నుంచి ఒక మనిషి వచ్చి, చాప మీద కూర్చుని, మన పళ్ళెంలో తిని వెళతాడు. ఆ పేటలో పిల్లలకి అది చిన్న సంగతి కాదండి. లోకంలో మనం ఒంటరివాళ్ళం కామన్న ధైర్యం ఏ ప్రసంగంతోనూ రాదు. 1910లో ఎడిన్‌బరో మహాసభలో వేదనాయకం అజరయ్య పాశ్చాత్య మిషనరీలని అడిగింది అదే. మీరు సొమ్ములిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకిప్పుడు స్నేహం కావాలన్నారు. స్నేహితులు రెండు వారాలకు రాకూడదా?

నర్సు: నిరభ్యంతరంగా రావచ్చు. స్నేహితుడైతే రావచ్చా అని ముందు అడుగుతాడు. మూడు నెలల ముందే రోజువారీ ప్రోగ్రాం పంపించడు. అజరయ్యగారు తిరునెల్వేలి మనిషి. దోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకుని, మన మధ్యే బిషప్పై, మన మధ్యే కన్నుమూశారు. ఆయన నోట స్నేహం అన్న మాటకి అంత బరువుంది.

పాస్టరు: కాలాన్నిబట్టే బరువు కట్టేటట్లయితే ఈ తీరంలో మొదట దిగినవాళ్ళ మాటేమిటి? లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో విశాఖపట్నం వచ్చారు. క్రాన్ 1809లో పోయారు, డెస్ గ్రాంజెస్ 1810లో. ఐదేళ్ళు నిండీ నిండకముందే ఇద్దరూ వెళ్ళిపోయారు. అయినా సువార్త గ్రంథాల తెలుగు అనువాదం వాళ్ళ చేతి మీదే మొదలై, 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయింది.

నర్సు: వాళ్ళు తిరుగు ప్రయాణం పెట్టుకుని రాలేదండి, ఈ తీరపు మట్టిలోనే కలిసిపోయారు. పైగా ఆ అనువాదంలో ఆనందరాయర్ అనే తెలుగు బ్రాహ్మణుడి పాలు ఎంతో ఉంది. ఆయన వాళ్ళని కలిసేనాటికే క్రైస్తవుడు. ఆయన లేకపోతే ఆ తెలుగు లేదు. తరవాత అమెరికన్ బాప్టిస్టుల సంగతి తీసుకోండి. శామ్యూల్ డే 1836లో ఈ తీరానికి వచ్చి, శ్రీకాకుళం, మద్రాసు తిరిగి, 1840లో నెల్లూరులో కుదురుకున్నారు. ఫలితం లేదు, ఈ మిషన్ మూసేద్దామని అమెరికాలో ఒకటికి రెండు సార్లు చర్చ జరిగింది. చివరికి ఒంగోలు వైపు వేలమంది కదిలింది ఎవరి వల్ల? తోళ్ళ వ్యాపారం చేసుకునే యర్రగుంట్ల పేరయ్య వల్ల. తను నమ్మినదాన్ని తన వాళ్ళకి, తన యాసలో, తన ఊళ్ళు తిరిగి చెప్పాడు.

ఒంగోలు దగ్గర ఇద్దరూ చాలాసేపు ఆగారు. ఆగవలసిన చోటే అది. ఆకలి తీర్చడం, విశ్వాసం పంచడం ఒకే గట్టు మీద ఎదురుపడిన ఘట్టం తెలుగు క్రైస్తవ చరిత్రలో అంత స్పష్టంగా మరొకటి లేదు.

1876–78 కరువులో మద్రాసు ప్రెసిడెన్సీ అల్లాడిపోయింది. ఒంగోలులో 1866 నుంచి ఉంటున్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, ప్రభుత్వం తవ్విస్తున్న బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్ళకు పైగా పని కాంట్రాక్టుకి తీసుకున్నారు. వేలమందికి కూలి దొరికింది. మేస్త్రీలుగా నిలబడింది ఆయన దగ్గరి తెలుగు బోధకులే. పగలు పని చేయించారు, పని ఆగిన వేళ కూలీలతో కూర్చుని మాట్లాడారు. బాప్తిస్మం ఇమ్మని జనం అడిగారు. క్లౌ ఇవ్వలేదు. తిండి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని, సహాయం పంపిణీ ముగిసేదాకా ఏడాదికి పైగా ఆపేశారు. ఆ తరవాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

పాస్టరు: చూశారా, సేవ ఒక చోట, మాట ఒక చోట అని ఆయన విడదీయలేదు. కూలి ఇచ్చిన చేత్తోనే బోధకుణ్ణి కూర్చోబెట్టాడు. ఆకలిగా ఉన్నవాడికి అన్నం పెట్టి, నేనెందుకు పెడుతున్నానో మాత్రం చెప్పనంటే అది కూడా ఒక దాపరికమే.

నర్సు: ఆయన ఏడాదికి పైగా ఆగగలిగాడు, అదే నాకు ముఖ్యం. ఆ ఊళ్ళో ఉన్నాడు కాబట్టి ఆగాడు. వచ్చే ఏడూ ఉంటాడు, ఆ పై ఏడూ ఉంటాడు. పధ్నాలుగో రోజున విమానం ఎక్కేవాడు ఎలా ఆగుతాడు? ఖర్చు పెట్టిన సంఘానికి వెళ్ళి ఏదో ఒకటి చూపించాలి. ఇంతమంది చేతులెత్తారు, ఇంతమంది ముందుకొచ్చారు అనాలి. ఆ తొందర వాళ్ళ గుణంలో లేదండి, వాళ్ళ టికెట్టులో ఉంది. ఎంత మంచి పిల్లలైనా ఆ తొందరకి లోబడాల్సిందే.

ఈ మాటకి పాస్టరు వెంటనే బదులు చెప్పలేదు. చేతులెత్తిన లెక్క అడిగే అలవాటు చెడ్డదేనని ఒప్పుకున్నారు. అయితే ఆ అలవాటు ఏళ్ళ తరబడి ఉండే సంస్థల్లోనూ ఉందని, దానికి రెండు వారాల కుర్రాణ్ణి ఒక్కణ్ణే పట్టుకోవడం న్యాయం కాదని అన్నారు. ఆ మాటలో బలం ఉంది.

నర్సు: సరే, లెక్కలే చూద్దాం. అమెరికా సంఘాల నుంచి ఏటా 16 లక్షలమంది ఇలా విదేశాలకు వెళుతున్నారని 2005 నాటి సర్వే ఆధారంగా రాబర్ట్ వుత్నో అనే సామాజిక శాస్త్రవేత్త అంచనా వేశారు. 1998లో మిచ్ తుపాను హోండురస్‌ని ముంచేసింది. ఇళ్ళు కట్టడానికి టీములు వెళ్ళాయి. కర్ట్ వెర్ బీక్ అనే ఆయన తరవాత పరిశీలిస్తే, స్థానిక సంస్థలు దాదాపు 2,000 డాలర్లలో కట్టే ఇల్లు, టీముల విమాన ఖర్చులతో కలిపి సగటున 30,000 డాలర్లకు తేలింది. ఒక ఇంటి డబ్బుతో పదిహేను కుటుంబాలకు గూడు వచ్చేది. అక్కడి తాపీ మేస్త్రీకి కూలీ వచ్చేది.

పాస్టరు: ఆ పిల్లలు వెళ్ళకపోతే ఆ డబ్బు హోండురస్‌కి వచ్చేదా? పర్సులోంచి డబ్బు తీయించేది కళ్ళారా చూడటమే.

నర్సు: వెర్ బీక్ అదీ అడిగాడు. వెళ్ళొచ్చాక వాళ్ళ దానధర్మాల్లో, ప్రార్థనలో నిలకడగా వచ్చిన మార్పు చాలా కొద్దిగానే కనిపించింది.

పాస్టరు: వెళ్ళొచ్చినవాళ్ళని వెంటబడి నడిపించేవాళ్ళుంటే మార్పు నిలుస్తుందని కూడా ఆయనే అన్నాడు. అంటే లోపం ప్రయాణంలో లేదు, తిరిగొచ్చాక గాలికి వదిలేయడంలో ఉంది. మన ఉత్తరాంధ్రలోనే దీనికి సాక్ష్యం ఉంది, అది మీకు నాకంటే బాగా తెలుసు. సోంపేట మిషన్ ఆసుపత్రి కంటి డాక్టరు బెన్ గలిసన్ కెనడా వెళ్ళినప్పుడు ఇక్కడి గుడ్డివాళ్ళ గురించి మాట్లాడారు. ఆ మాట కాల్గరీలో ఆర్ట్ జెంకిన్స్ అనే వ్యాపారిని కదిలించింది. 1963లో ఆపరేషన్ ఐసైట్ సంస్థ అలా పుట్టింది. సోంపేటతో మొదలైన సంస్థ తరవాత ఎన్నో దేశాల్లో కంటిచూపు తెప్పించింది. కాసేపటి పలకరింపు ఎంత దూరం పోతుందో ముందే ఎవరు చెప్పగలరు?

నర్సు: అందులో మీరు గమనించని సంగతి ఒకటుంది. జెంకిన్స్ కదిలింది సోంపేట చూసి కాదు, ఏళ్ళ తరబడి సోంపేటలో ఉన్న మనిషి మాట విని. కళ్ళారా చూడాల్సిన పని పడలేదు. నమ్మదగిన మనిషి అక్కడ ఉండటమే సరిపోయింది. అయినా కంటి ఆపరేషను సంగతి వేరని ఒప్పుకుంటాను. శుక్లం తీయడం కొద్ది రోజుల్లో పూర్తయ్యే పని. మంచి సర్జను ఉంటే, తరవాత చూసుకునే ఆసుపత్రి ఉంటే, పదిహేను రోజుల్లో వందలమందికి చూపు వస్తుంది. బీపీ, షుగరు అలాంటివి కావు. క్యాంపులో రెండు వారాల మాత్రలిచ్చి వెళ్ళిపోతే మూడో వారం ఏం మింగాలి? పూడిమడకలో ఒక మత్స్యకారుడు విదేశీ డాక్టరిచ్చిన రంగుల బిళ్ళ మంచిదని నమ్మి, పీహెచ్‌సీలో ఉచితంగా ఇచ్చే బిళ్ళ మానేస్తే, ఆ సేవ అతనికి కీడే చేసినట్టు. బయటి దేశం డాక్టరు మన దేశంలో వైద్యం చేయాలంటే మెడికల్ కమిషన్ దగ్గర తాత్కాలిక అనుమతి ఉండాలి. ఆ కాగితం అడిగే పాస్టర్లు ఎంతమంది?

పాస్టరు: ఆ మాట నాకు తగిలింది. అడగాలి. అడగకపోవడం తప్పే.

నర్సు: కాగితాల మాట వచ్చింది కాబట్టి వీసా సంగతి కూడా చెప్పుకుందాం. టూరిస్టు వీసా మీద వచ్చి సువార్త కూటంలో ప్రసంగించకూడదు. మన ప్రభుత్వం మిషనరీ వీసా అని వేరే ఇస్తుంది. 2020 ఏప్రిల్‌లో తబ్లిగీ జమాత్ అనే ముస్లిం సంస్థ కార్యక్రమాల్లో ఉన్న 960 మంది విదేశీయుల్ని హోం శాఖ బ్లాక్‌లిస్టులో పెట్టింది. టూరిస్టు వీసాల మీద వచ్చి మత ప్రచారం చేశారన్నదే అభియోగం. ఆ నియమం ముస్లింకి ఒకటి, క్రైస్తవుడికి ఒకటి కాదు. మన కుర్రాళ్ళు నేపాల్ వెళతామంటున్నారు. అక్కడ 2018 ఆగస్టులో అమల్లోకి వచ్చిన శిక్షాస్మృతి ప్రకారం మతం మార్పిస్తే ఐదేళ్ళ దాకా జైలు, విదేశీయుడైతే దేశం నుంచి పంపేస్తారు. సత్యం ప్రకటించడానికి వెళ్ళేవాడు వీసా కాగితం మీద అబద్ధం రాయొచ్చా?

పాస్టరు: రాయకూడదు. మనుషులకన్నా దేవునికి లోబడాలని అపొస్తలులన్నారు గానీ, పేరు మార్చుకుని తిరగమనలేదు. కానీ మన రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు ఇచ్చింది.

నర్సు: ఇచ్చింది. ఇంకొకరిని మతం మార్పించే హక్కు అందులో లేదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఏ మాట ప్రచారమో, ఏ మాట ప్రలోభమో, ఏది ఎదుటివాడికి నొప్పిగా ఉంటుందో ఆ ఊళ్ళో బతికేవాడికి తెలుస్తుంది. అపొస్తలులు దెబ్బలు తామే తిన్నారండి. ఇక్కడ టీమ్ ఎయిర్‌పోర్టు దాటాక స్టేషనుకి వెళ్ళి సంజాయిషీ చెప్పుకునేది లోకల్ పాస్టరు. 2018 నవంబరులో ఏమైంది? జాన్ అలెన్ చౌ అనే 26 ఏళ్ళ అమెరికన్ కుర్రాడు అండమాన్‌లో ఉత్తర సెంటినల్ దీవికి వెళ్ళి ప్రాణం పోగొట్టుకున్నాడు. పోర్ట్ బ్లెయిర్‌లో మన శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్ళి స్థిరపడిన తెలుగువాళ్ళు ఎందరో ఉన్నారు, ఆ సముద్రం మనకి పరాయిది కాదు. అతన్ని పడవలో తీసుకెళ్ళిన జాలర్లతో సహా ఏడుగురిని అరెస్టు చేశారు.

పాస్టరు: ఆ పేరు మీరు ఎత్తుతారనుకున్నాను. ఆ కుర్రాడు రెండు వారాలకు వెళ్ళాడా? లేదు. అక్కడే ఏళ్ళ తరబడి బతకాలని వెళ్ళాడు. భాషాశాస్త్రం శిక్షణ తీసుకున్నాడు. రోగాలు అంటించకూడదని ముందు తనంతట తను క్వారంటైన్‌లో ఉన్నాడు. మీరు ఇందాకటి నుంచి అడుగుతున్నవాటిలో చాలా చేశాడు. అయినా తప్పు జరిగింది. ఎందుకంటే అక్కడ అతన్ని రమ్మన్నవాళ్ళు లేరు. కాబట్టి ఎన్నాళ్ళున్నాడన్నది కాదు సిస్టరుగారూ అసలు ప్రశ్న. ఎవరు పిలిచారన్నది.

వాదం ఇక్కడ దిశ మార్చింది. నర్సు ఇంతసేపూ కాలాన్ని కొలతగా పెట్టుకుని మాట్లాడారు. ఆ కొలత చాలదని ఒప్పుకుని, కొత్త కొలతని పరీక్షకు పెట్టారు.

నర్సు: ఒప్పుకుంటాను. నాటాల్ సంగతి దానికి సరిపోతుంది. చెరకు తోటలకి, తేయాకు తోటలకి ఒప్పంద కూలీలుగా దక్షిణాఫ్రికా వెళ్ళినవాళ్ళలో విశాఖపట్నం జిల్లా మనుషులు చాలామంది. అక్కడి తెలుగు బాప్టిస్టులు మాకొక కాపరి కావాలని కబురు పెడితే, నెల్లూరు నుంచి జాన్ రంగయ్యగారు 1903లో వెళ్ళారు. పంపింది దొరల మిషన్ కాదు, తెలుగు బాప్టిస్టుల హోం మిషనరీ సొసైటీ. కియర్స్‌నీ తేయాకు తోటలో ఆ ఏడాది డిసెంబరులోనే సంఘం కట్టారు. 1915లో అక్కడే చనిపోయారు. సముద్రం దాటిన మన మిషను అంటే నా మనసులో ఆయనే. కానీ ఒక మాట. పిలుపుని కొనొచ్చు కూడా. రేకుల చర్చికి స్లాబు వేయించుకోవాలనుకునే సంఘం, వస్తామన్న విదేశీ టీమ్‌ని వద్దనగలదా? మీరు రాసే ఆహ్వానంలో ఎంత స్నేహం, ఎంత అవసరం?

పాస్టరు: రెండూ ఉంటాయి. వద్దనలేని ఏళ్ళు ఉంటాయి. అందుకే మన కుర్రాళ్ళు వెళ్ళాలంటున్నాను. వీళ్ళ దగ్గర పంచడానికి ఏముంది? డాలర్లు లేవు, ఇంగ్లీషు అంతంత మాత్రం. ఆ డెబ్బైమందిలాగా ఎదుటివాళ్ళ పళ్ళెం మీద ఆధారపడాల్సిందే. వీళ్ళని పిలిచే ఉత్తరం ఎవరూ డబ్బు కోసం రాయరు.

నర్సు: అంత దూరం ఎందుకు? మన అచ్యుతాపురం సెజ్ చుట్టూ అద్దె గదుల్లో చూడండి. ఒడిశా, బీహార్, జార్ఖండ్ కుర్రాళ్ళు ఒక్కో గదిలో ఐదారుగురు. 2024 ఆగస్టు 21న అక్కడి మందుల కంపెనీ ప్రమాదంలో 17 మంది చనిపోయారు. అలాంటప్పుడు ఆసుపత్రి దగ్గర ఆ కుటుంబాల పక్కన కూర్చునేవాళ్ళు కావాలి, కాగితాలు నింపిపెట్టేవాళ్ళు కావాలి, ఒడియా వచ్చినవాళ్ళు కావాలి. మన గుమ్మంలోకే లోకం వచ్చింది. విమానం డబ్బుతో ఒక మనిషిని ఏడాదంతా ఇక్కడే ఆ పనికి పెట్టొచ్చు.

పాస్టరు: ఆ గదుల ముందు నుంచే మన యూత్ రోజూ బండి మీద వెళుతున్నారు. ఒక్కరైనా ఆగారా? భాష రాని చోట రెండు వారాలు మూగవాడిలా నిలబడి, ఎవరో ముక్కూ మొహం తెలియని ఆడమనిషి పెట్టిన అన్నం తినొచ్చినవాడికి, ఒడియా కుర్రాడు బస్టాండులో బోర్డు చదవలేక నిలబడితే అర్థమవుతుంది. ఇంట్లో కూర్చోబెట్టి ఎంత చెప్పినా ఆ అర్థం రాదు. దూరం వెళ్ళొచ్చినవాడికే దగ్గరిది కనిపిస్తుంది.

నర్సు: దానికి ఒడిశాలోని కోరాపుట్ చాలు. సాయంత్రం బస్సెక్కితే పొద్దుటికి ఉంటారు.

పాస్టరు: కోరాపుట్‌లో మత మార్పిడిని కట్టడి చేసే 1967 నాటి మత స్వేచ్ఛ చట్టం ఉంది, అక్కడా జాగ్రత్తలన్నీ కావాలి. మీరు కోరాపుట్‌కి సరే అంటే, వెళ్ళడానికి సరే అన్నట్టే. మిగిలింది దూరమే.

నర్సు: దూరంతో పాటు ఖర్చూ ఉంది. అయినా ఆ మాట వదిలేస్తాను. వీసా మీద నిజం రాయాలి. పిలిచిన సంఘం చెప్పిన పనే చేయాలి. పంచే చోట బోధ వద్దు, బోధించే చోట పంచడం వద్దు.

పాస్టరు: మొదటి రెండూ ఒప్పుకున్నాను. మూడోది ఒప్పుకోను. కాలువ గట్టు మీద క్లౌ ఆపింది బాప్తిస్మాన్నే, బోధని ఆపలేదు.

నర్సు: ఆ గట్టు మీద మాట్లాడినవాళ్ళు తెలుగువాళ్ళు. పని అయ్యాక ఆ ఊళ్ళలోనే, ఆ విన్నవాళ్ళ పక్కనే బతకాల్సినవాళ్ళు. తప్పు మాట్లాడితే మర్నాడు నిలదీసేవాళ్ళు ఉన్నారు. మన కుర్రాణ్ణి పదిహేనో రోజున ఎవరు నిలదీస్తారు?

పాస్టరు: పిలిచిన సంఘం నిలదీస్తుంది. ఫోన్లున్నాయి, ఆ సంఘం నుంచి మన సంఘానికి ఏటా ఉత్తరం రావాలని నియమం పెడదాం. తప్పు చేశారని వాళ్ళంటే మళ్ళీ పంపం.

నర్సు: అయితే ముందు ఆ సంఘం ఏదో చెప్పండి. ఎవరు పిలిచారు, ఏ పనికి పిలిచారు, తెలుగు అర్థమయ్యేవాళ్ళు అక్కడ ఎవరున్నారు? వాళ్ళతో నేను మాట్లాడతాను. టికెట్ల సంగతి ఆ తరవాత.